అడగనిదే అమ్మైనా పెట్టదా? అమెరికా ఉద్యోగం, మానసిక ఆరోగ్యం, తెలుగువారి మౌనం

ఉద్యోగి ఒకరు పై అధికారి దగ్గరికి వెళ్ళి “మనసు కుంగిపోయింది, ఒత్తిడి తట్టుకోలేకపోతున్నాను, కొన్నాళ్ళు సెలవు కావాలి” అన్నారనుకోండి. చట్టం దృష్టిలో ఆ మాట ఏమవుతుంది? గోడు వెళ్ళబోసుకోవడమా, దయ కోరడమా, హక్కు అడగడమా? అమెరికాలో ఉద్యోగ వివక్షను అరికట్టే సమాన ఉద్యోగావకాశాల సంఘం 1997 మార్చిలో మానసిక వైకల్యాల గురించి ఒక మార్గదర్శక పత్రం వెలువరించింది. దాదాపు ఇలాంటి ఉదాహరణే అందులో ఉంది. దాని సమాధానంలో తడబాటు లేదు: అది హక్కు అడగడమే. చట్టం పేరెత్తనక్కరలేదు. పారిభాషిక పదాలు వాడనక్కరలేదు. కాగితం మీద పెట్టనక్కరలేదు. ఉద్యోగి నోట మాట రాని స్థితిలో ఉంటే భార్య, భర్త, స్నేహితుడు, వైద్యుడు, వీరిలో ఎవరు అడిగినా చెల్లుతుంది.

గడప ఇంత కిందికి దించి పాతికేళ్ళు దాటింది. అయినా దాన్ని దాటేవారు తక్కువ. 2002-03లో జరిగిన జాతీయ సర్వేలో, అంతకుముందు ఏడాది కాలంలో మానసిక ఆరోగ్యానికి సంబంధించి ఏదో ఒక సాయం పొందిన ఆసియన్ అమెరికన్లు 8.6 శాతం. మొత్తం జనాభాలో అలాంటివారు 17.9 శాతం. ఈ అంకెలను ఉటంకించేవారు సాధారణంగా చెప్పని విషయం ఒకటుంది. ఆ సర్వే ఆసియన్లను చైనీయులు, ఫిలిపినోలు, వియత్నామీయులు, ‘ఇతరులు’ అని విభజించింది. భారతీయులు ఆ ‘ఇతరుల’లో కలిసిపోయారు. ఇంటర్వ్యూలు జరిపిన భాషల్లో భారతీయ భాష ఒక్కటీ లేదు. అంటే తెలుగువారి మౌనం ఆ లెక్కలోకి విడిగా ఎక్కనేలేదు.

అయినా ఆ మౌనానికి కారణం మాత్రం అందరికీ తెలిసినట్టే చెబుతారు: సిగ్గు, పరువు, సంస్కృతి. ఈ వివరణలో నిజం లేకపోలేదు. కానీ అది సగం నిజం. ఆ సగం నిజం సంస్థలకూ చట్టాలకూ ఎంతో అనుకూలమైనది, ఎందుకంటే దోషమంతా మాట్లాడనివాడి మీదికి నెట్టేస్తుంది. మాట్లాడటానికి అతను చెల్లించాల్సిన ధర ఎంతో లెక్క కడితే, చాలా సందర్భాల్లో మౌనం అజ్ఞానం కాదని, లెక్క తెలిసినవాడు తీసుకున్న నిర్ణయమేనని తేలుతుంది.

సాయం పుట్టిన తీరు

అమెరికా కార్యాలయాల్లో ఉద్యోగుల సహాయ కార్యక్రమం అని పిలిచే ఏర్పాటుకు మూలాలు 1940లలో ఉన్నాయి. డ్యూపాంట్, ఈస్ట్‌మన్ కోడక్ వంటి పెద్ద సంస్థలు మద్యానికి బానిసలైన నైపుణ్యం గల కార్మికులను తీసేయడం కంటే బాగుచేసుకోవడం లాభమని గ్రహించాయి. 1970లో మద్య వ్యసనంపై జాతీయ పరిశోధన సంస్థ ఏర్పడ్డాక ఈ పద్ధతి విస్తరించి, క్రమంగా కుటుంబ కలహాలనూ కుంగుబాటునూ తన పరిధిలోకి తెచ్చుకుంది. ఈ రోజు చాలా సంస్థల్లో దాని రూపం ఒక ఫోన్ నంబరు, కొన్ని ఉచిత కౌన్సెలింగ్ సమావేశాలు. పనిలో నాణ్యత తగ్గినవాణ్ణి గుర్తించి, సరిచేసి, మళ్ళీ పనిలో పెట్టాలన్న తొలి లక్ష్యం ఇప్పటికీ దాని వెన్నెముకే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కుంగుబాటు, ఆందోళనల వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని, లక్ష కోట్ల డాలర్ల నష్టం వస్తోందని చెప్పాకే ప్రపంచం చెవి ఒగ్గింది. మనిషి బాధ పద్దు పుస్తకంలోకి ఎక్కితే తప్ప వినిపించదన్నది ఈ రంగం చరిత్ర పొడుగునా కనిపించే సత్యం.

చట్టం వచ్చిన దారి వేరు. 1990 జూలై 26న అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ సంతకం చేసిన వికలాంగుల హక్కుల చట్టం శారీరక వైకల్యంతో పాటు మానసిక వైకల్యాన్నీ గుర్తించింది. 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు సముచితమైన సర్దుబాట్లు చేయాలి: థెరపీకి వెళ్ళేందుకు పనివేళల మార్పు, గోల లేని చోటు, సూచనలు రాతపూర్వకంగా ఇవ్వడం, ఇంటి నుంచి పని, సెలవు. అయితే 1999లో సుప్రీంకోర్టు ఇద్దరు కవల సోదరీమణుల కేసులో చట్టాన్ని కుదించింది. వారు తీవ్రమైన హ్రస్వదృష్టి ఉన్న పైలట్లు. కళ్ళద్దాలు పెట్టుకుంటే చూపు సరిపోతుంది కాబట్టి వారు వికలాంగులు కారని కోర్టు తేల్చింది. ఈ తర్కం మానసిక వ్యాధులకు వర్తిస్తే ఫలితం విచిత్రం. మందు వేసుకుని కుదురుగా ఉన్నవాడికి రక్షణ లేదు. మందు మానేసి పని చేయలేనంతగా పడిపోతే అప్పుడు వాడు ఆ ఉద్యోగానికే అర్హుడు కాడు. 2008లో కాంగ్రెస్ చేసిన సవరణ ఈ చిక్కుముడి విప్పింది. 2011 నాటి నిబంధనలు తీవ్రమైన కుంగుబాటు, బైపోలార్, స్కిజోఫ్రీనియా వంటివి సులువుగానే చట్టం పరిధిలోకి వస్తాయని పేర్లు పెట్టి మరీ చెప్పాయి.

అదే 2008లో సెనేటర్లు పాల్ వెల్‌స్టన్, పీట్ డొమినిచీల పేర్లతో వచ్చిన చట్టం, ఆరోగ్య బీమాలో మానసిక చికిత్సకు శరీర చికిత్సతో సమాన స్థాయి ఉండాలంది. ఇద్దరి రాజకీయాలూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. ఇద్దరినీ కలిపింది ఇంట్లో చూసిన మానసిక వ్యాధి. కానీ ఆ సమానత్వం వైకల్య బీమాను తాకలేదు. శరీర వ్యాధితో పని చేయలేనివారికి ఏళ్ళ తరబడి చెల్లించే దీర్ఘకాలిక పాలసీలు చాలామట్టుకు మానసిక వ్యాధి దగ్గరికి వచ్చేసరికి 24 నెలలకే ఆగిపోతాయి. వెన్నెముక విరిగితే ఒక లెక్క, మనసు విరిగితే మరో లెక్క.

లోపాలు ఎన్ని ఉన్నా ఇది నిర్లక్ష్యం చేయదగ్గ వ్యవస్థ కాదు. అయితే దీని తలుపులన్నిటికీ గొళ్ళెం ఒక్కటే: ఉద్యోగి నోరు విప్పాలి. సాధారణంగా అడిగిన తరువాతే సంస్థ బాధ్యత మొదలవుతుంది. ‘అడగనిదే అమ్మైనా పెట్టదు’ అన్న సామెతను ఒక దేశం చట్టంగా రాసుకుంటే ఇలాగే ఉంటుంది.

ఒక చేత్తో ఇచ్చి

ఈ వ్యవస్థ అంతా ఒక ఊహ మీద నిలబడింది. ఉద్యోగికి ఉద్యోగం పోతే జీతం పోతుంది, వెతుక్కుంటే ఇంకోటి దొరుకుతుంది అన్నది ఆ ఊహ. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగంతో పాటు ఆ దేశంలో ఉండే అర్హతా పోతుంది. ఇటీవలి సంవత్సరాల్లో మంజూరైన హెచ్-1బి దరఖాస్తుల్లో 70 శాతానికి పైగా భారతదేశంలో పుట్టినవారివే, అందులో తెలుగువారు తక్కువేమీ కాదు. 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం పోయాక ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. అనుమతి అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే. ఇల్లు, పిల్లల బడి, జీవిత భాగస్వామి హెచ్-4 హోదా అన్నీ ఆ 60 రోజుల్లో తేలిపోవాలి. ఉద్యోగి తరఫున భార్య అడగవచ్చని 1997 నాటి పత్రం ఉదారంగా చెప్పింది. ఆ భార్య కాళ్ళ కింద నేల కూడా అదే ఉద్యోగమని వలస చట్టం చెబుతోంది.

జీతం సంగతి ఇంకా సూక్ష్మమైనది. పని లేక ‘బెంచ్’ మీద కూర్చోబెట్టిన హెచ్-1బి ఉద్యోగికి సంస్థ జీతం ఇచ్చి తీరాలన్న నియమం తెలుగువారికి బాగా తెలుసు. ఆ నియమానికే ఉన్న మినహాయింపు అంతగా తెలియదు. ఉద్యోగంతో సంబంధం లేని కారణంతో, అనారోగ్యం వల్ల ఉద్యోగి పని చేయలేకపోతే ఆ కాలానికి జీతం ఇవ్వనక్కరలేదు, సంస్థ సొంత పథకమో మరో చట్టమో ఇవ్వమంటే తప్ప. అంటే సంస్థకు పని దొరకకపోతే జీతం వస్తుంది, మనిషికి మనసు బాగోకపోతే రాదు.

సెలవు చట్టమూ అందరినీ చేరదు. 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం ఏడాదికి 12 వారాల సెలవు ఇస్తుంది. జీతం ఉండదు కానీ ఉద్యోగం, ఆరోగ్య బీమా నిలుస్తాయి. షరతులు మూడు: ఆ సంస్థలో 12 నెలలు పని చేసి ఉండాలి, ముందరి ఏడాదిలో కనీసం 1,250 గంటలు పని చేసి ఉండాలి, పనిచోటుకు 75 మైళ్ళ లోపల సంస్థకు 50 మంది ఉద్యోగులుండాలి. ఊరికొక క్లయింటు దగ్గర ఒకరిద్దరిని పెట్టి నడిచే చిన్న కన్సల్టెన్సీల్లో పనిచేసేవారు ఈ మూడో షరతు దగ్గరే జారిపోతారు. ఎవరి కింద రోజూ పని చేస్తారో వారు జీతమిచ్చే యజమాని కాదు. జీతమిచ్చే యజమాని ఎదురుగా ఉండడు. పైగా ఆ యజమాని, ప్రాజెక్టు ఇప్పించిన మధ్యవర్తి, పక్క అపార్ట్‌మెంటు కుటుంబం, ఊళ్ళో అమ్మానాన్నలకు తెలిసినవారు తరచూ ఒకే వలయంలోని మనుషులు. అక్కడ రహస్యం చెప్పడమంటే చాటింపు వేసినట్టే.

సంస్కృతి అనే సంజాయిషీ

తెలుగులో మనసు బాధకు మాటలు లేవనడం అన్యాయం. దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు. మనసు మనసులో లేదంటారు, కాళ్ళూ చేతులూ ఆడటం లేదంటారు. ఇవన్నీ ఇంట్లో చెల్లే నాణేలు. బెంగ పెట్టుకున్న పిల్లకు అమ్మమ్మ ఊరే మందు. ఇంకో చివర ఒకే మాట ఉంది: పిచ్చి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు అన్న ఊరి పేర్లే ఆసుపత్రుల వల్ల తిట్లుగా మారాయి. ఈ రెండు చివరల మధ్య, మందుకూ మాటకూ లొంగే జబ్బును నిలబెట్టే పదం మాత్రం భాషలో స్థిరపడలేదు. ‘మనోవ్యాధికి మందు లేదు’ అన్న సామెత ఆ ఖాళీని మూసేసింది. తరవాత వచ్చిన ‘డిప్రెషన్’ పరీక్ష తప్పిన బాధ నుంచి మంచం దిగలేని స్థితి దాకా అన్నిటికీ సరిపెట్టే మాటైపోయింది. అందుకే మనసులోని జబ్బు శరీరం గుండా బయటపడుతుంది. నిద్ర పట్టడం లేదని, తలనొప్పని, గుండెదడని కుటుంబ వైద్యుడి దగ్గరికి వెళతారు.

ఇదంతా నిజమే. కానీ 1997 నాటి పత్రం సరిగ్గా ఇలాంటి మాటలకే చోటిచ్చింది. ఆరోగ్య కారణంతో పనిలో మార్పు కావాలని అర్థమైతే చాలు, జబ్బు పేరు తెలిసి ఉండనక్కరలేదు. కాబట్టి అడ్డం పడుతున్నది పదజాలం ఒక్కటే కాదు. ఇంట్లో “మనసు బాగోలేదు” అనగలిగిన మనిషి ఆఫీసులో అనలేకపోతే, ఆ రెండు చోట్ల మధ్య తేడా సంస్కృతి కాదు, ఆ మాటకు ఒక్కో చోట పడే ఖరీదు. అదే సర్వేలో మూడో తరం ఆసియన్ అమెరికన్లు వలస వచ్చినవారి కంటే ఎక్కువగా సాయం పొందారు. దీన్ని సంస్కృతి పలచబడటంగా చదవవచ్చు. పౌరసత్వం ఇచ్చిన నిబ్బరంగానూ చదవవచ్చు. మొదటి పాఠమే ఎక్కువగా వినిపిస్తుంది.

ఏ భయం నిజం, ఏది కాదు

ధర నిజమైనదని ఒప్పుకున్నాక, దానికి పుకార్లు కలిపిన వడ్డీని విడదీయాలి. మొదటిది గ్రీన్‌కార్డు భయం. కుంగుబాటుకు మందు వాడినట్టు రికార్డులో ఉంటే గ్రీన్‌కార్డు రాదన్న మాట తెలుగువారిలో బలంగా ఉంది. వలస చట్టం అడ్డు చెప్పేది జబ్బుకు కాదు. ఆ జబ్బుతో ముడిపడి, తనకో ఇతరులకో ఆస్తికో ప్రమాదం తెచ్చే ప్రవర్తనకు. గతంలో అలాంటి ప్రవర్తన ఉన్నా, అది మళ్ళీ జరిగే అవకాశం ఉందా అన్నది వైద్యుడు చూస్తాడు. మినహాయింపు కోరే దారీ ఉంది. మందు వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని ఆ నిబంధన ఆపదు. ఆ భయంతో చికిత్స మానుకున్నవాడే నిబంధన చెప్పే ప్రమాదానికి దగ్గరవుతాడు.

రెండోది గోప్యత. వైద్య సమాచారాన్ని మామూలు ఉద్యోగ ఫైలుకు వేరుగా, రహస్యంగా ఉంచాలని వికలాంగుల హక్కుల చట్టం ఆదేశిస్తుంది. సర్దుబాటు అమలుకు కావలసినంత మేరకే మేనేజరుకు చెప్పవచ్చు, తోటి ఉద్యోగులకు చెప్పకూడదు. ఉద్యోగం ఇస్తామనే ముందు వైకల్యం గురించి అడగనేకూడదు. సెలవు చట్టం కింద ఇచ్చే ధ్రువపత్రంలో జబ్బు పేరు ఉండి తీరాలన్న నియమమూ లేదు, సెలవు ఎందుకు అవసరమో తెలిస్తే చాలు. ఆ పత్రం కుటుంబ వైద్యుడు కూడా ఇవ్వవచ్చు.

మూడోది, వీసా. ఉద్యోగ సంబంధం తెగనంత వరకు చట్టబద్ధమైన వైద్య సెలవులో ఉండటం వల్ల హెచ్-1బి హోదా పోదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్ వంటి కొన్ని రాష్ట్రాల్లో తాత్కాలిక వైకల్య బీమా ఉంది. మానసిక వ్యాధికీ అది వర్తిస్తుంది. ప్రతి జీతంలోనూ దానికి కోత పడుతున్నా, అది తమదేనని చాలామంది ఎరగరు.

మౌనానికీ ధర ఉంది, కానీ అది ఆలస్యంగా వచ్చే బిల్లు. సర్దుబాటు ముందుకు మాత్రమే చూస్తుంది. జరిగిపోయిన పొరపాట్లను, తప్పిన గడువులను మాఫీ చేయమని చట్టం యజమానిని నిర్బంధించదు. పనితీరు మెరుగుపరచుకోమని నోటీసు చేతికొచ్చాక జబ్బు సంగతి చెబితే, చట్టం వింటుంది కానీ వెనక్కి నడవదు. మోంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నిటిలో కారణం చెప్పకుండానే ఉద్యోగం తీసేసే వీలున్న దేశంలో, ఆ కాస్త ఆలస్యమే రక్షణకూ నిరాశకూ మధ్య గీత.

అడగకముందే

అయితే పరిష్కారం ‘ధైర్యంగా మాట్లాడండి’ అన్న నినాదం కాదు. ధర తగ్గించకుండా ధైర్యం బోధించడం, ఖరీదు చేసేవాడికి జేబు సంగతి చెప్పకుండా దుకాణం చూపించడం లాంటిది. 1979లో రాబర్ట్ కారసెక్ స్వీడన్, అమెరికా ఉద్యోగుల సమాచారంతో ఒక సూత్రం ప్రతిపాదించాడు. పని బరువు ఒక్కటే మనిషిని కుంగదీయదు. బరువు ఎక్కువై, పని మీద తన అదుపు తక్కువైనప్పుడు కుంగదీస్తుంది. పగలు క్లయింటు, రాత్రి ఇండియా కాల్, ఎవరో నిర్ణయించిన గడువు, వదిలి వెళ్ళలేని ఉద్యోగం: ఇవి కలిసిన చోట ధ్యానం యాప్ ఎంత పని చేస్తుంది? బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46,336 మంది సమాచారాన్ని పరిశీలించి విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనం, యాప్‌లు, ఒత్తిడి శిక్షణల వంటి వ్యక్తిగత కార్యక్రమాల్లో పాల్గొన్నవారు పాల్గొననివారి కంటే మెరుగ్గా లేరని చూపింది. అది ఒక్క సమయంలో తీసిన చిత్రం కాబట్టి కారణ కార్యాలను పూర్తిగా తేల్చదు. అయినా ఖర్చు ఎటు పోతోందో ఆలోచించుకోవడానికి చాలు.

2022 అక్టోబరులో సర్జన్ జనరల్ వివేక్ మూర్తి విడుదల చేసిన పత్రం ఈ దిశలో ఒక అడుగు. హాని నుంచి రక్షణ, మనుషులతో అనుబంధం, పనికీ జీవితానికీ పొందిక, విలువ ఇవ్వడం, ఎదిగే అవకాశం అంటూ అది ఐదు అంశాలను ముందు పెట్టి, బాధ్యతను ఉద్యోగి నుంచి పనిచోటుకు మార్చింది. కానీ అది సలహా మాత్రమే, శాసనం కాదు. పైగా ఉద్యోగికీ యజమానికీ మధ్య నిలబడి ఉన్న వలస చట్టాన్ని ఆ ఐదు అంశాలేవీ సూటిగా పట్టుకోలేదు.

ఇక్కడ తెలుగువారి పాత్ర బాధితులదే కాదు. ఇరవై ముప్పై ఏళ్ళలో ఎందరో మేనేజర్లయ్యారు, డైరెక్టర్లయ్యారు, కన్సల్టెన్సీల యజమానులయ్యారు. సర్దుబాట్లలో చాలావాటికి ఎవరి జబ్బు పేరూ తెలియనక్కరలేదు. రాత్రి కాల్స్ వంతులవారీగా పంచవచ్చు. సూచనలు అందరికీ రాసి ఇవ్వవచ్చు. వైద్యుడి దగ్గరికి వెళ్ళే గంటకు కారణం అడగకుండా ఉండవచ్చు. అందరికీ ఇచ్చిన దాన్ని ఎవరూ అడుక్కోనక్కరలేదు. అడగని చోట సిగ్గుకు పనే లేదు.

సంఘాల మాటా అంతే. 1977లో పుట్టిన తానా మొదలుకొని తెలుగు సంఘాలు ఆపదలో ఆదుకోవడంలో పేరు తెచ్చుకున్నాయి. ఎవరైనా హఠాత్తుగా మరణిస్తే పార్థివదేహం ఊరు చేరే దాకా నిద్రపోని కార్యకర్తలున్నారు. ఆ శ్రద్ధ గొప్పదే, కానీ అది చివరి మజిలీలో మొదలవుతోంది. ఒక వలస న్యాయవాది, ఒక మనోవైద్యుడు కలిసి కూర్చుని, ఏ మాట ఎవరికి చెబితే ఏమవుతుందో తెలుగులో వివరించే సాయంకాలానికి సంబరాల వేదిక ఖర్చులో వందో వంతు కూడా కాదు. 2022 జూలై నుంచి దేశమంతటా పనిచేస్తున్న 988 అత్యవసర నంబరుకు ఫోన్ చేసినవారు దుబాసీని అడగవచ్చన్న సంగతి ఆ సాయంకాలం చెప్పదగ్గ విషయాల్లో ఒకటి.

‘అడగనిదే అమ్మైనా పెట్టదు’ అన్న సామెతను పిల్లలకు నోరు తెరవడం నేర్పడానికి వాడతారు. కానీ ఏ అమ్మా ఆ సామెత ప్రకారం నడుచుకోదు. పిల్లవాడి ముఖం చూసి పళ్ళెం పెడుతుంది. అమెరికా చట్టం అడిగినవాడికి పెట్టడం నేర్చుకుంది, అది చిన్న విషయం కాదు. ముఖం చూడటం చట్టానికి రాదు. ఆ పని పక్క సీటులో కూర్చున్నవారిది, ఎదుట కూర్చుని పని అప్పగించేవారిది. ఉద్యోగం పోతే దేశమే పోయే మనిషిని నోరు విప్పమని అడిగే ముందు, ఆ మాట ఖరీదు తగ్గించే పని వలస నియమాలు రాసేవారిది.